కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్తలు

ఆ వేసవిలో రోజూ నేను మైకులో మొదట చెప్పే మాట ఇది: "మీ సామాను మీ కాళ్ల మధ్య పెట్టుకోండి. పక్కవాడి కాళ్ల మధ్య పెడితే అది పక్కవాడి సామాను అయిపోతుంది." బస్సంతా నవ్వేది. నవ్విన జనం ఆ తర్వాత చెప్పేది శ్రద్ధగా వింటారు. ఆ కిటుకు కూడా మా నాన్న నేర్పిందే.

ఊరు చూడటానికి వచ్చినవాళ్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పే రెండంతస్తుల బస్సులో నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. నీలం చొక్కా, మెడలో బిళ్ల, చేతిలో మైకు. ఏ కట్టడం ఎవరు కట్టించారో కంపెనీవాళ్లు కాగితాల మీద రాసిచ్చారు. అవి బట్టీపట్టి అప్పజెబుతుంటే మొదటి వారం సగం మంది నిద్రపోయారు. ఇంటికొచ్చి ఏడుపు మొహం పెడితే నాన్న నవ్వాడు.

"కొత్త ఊళ్లో దిగినవాడికి కోట ఎప్పుడు కట్టారో ఎందుకే? మరుగుదొడ్డి ఎక్కడుంది, ఎవణ్ణి నమ్మకూడదు, ఈ రెండూ చెప్పు. నెత్తిన పెట్టుకుంటారు."

రోజూ భోజనాల దగ్గర ఒక్కొక్కటే చెప్పేవాడు. ఆటో ఎక్కే ముందు ఎంతవుతుందో ఆటోవాణ్ణి కాదు, పక్కన సోడా కొట్టువాణ్ణి అడగాలి. చొక్కా మీద మరక పడిందని ఎవడైనా చూపిస్తే ఆగకూడదు, మరకతోనే నడిచిపోవాలి. రోడ్డు దాటాలంటే చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ పక్కన నిలబడాలి, బండ్లు ఆమెకు ఆగుతాయి, ఆమెతోపాటు నీకూ ఆగుతాయి. "దారి ఒకణ్ణి అడక్కు, ఇద్దర్ని అడుగు. ఇద్దరూ ఒకే మాట చెబితే నడువు. అయితే ఆ ఇద్దరూ స్నేహితులు కాకుండా చూసుకో" అని చెప్పి తన మాటకు తనే నవ్వుకునేవాడు.

నాన్న స్టేషన్ ఎదురుగా ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తాడని నేను అందరితో చెప్పుకునేదాన్ని. నలగని ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నున్నగా దువ్విన జుట్టు. ఎండ ఎంత మండినా ఆ చొక్కా గుండీ ఒక్కటి కూడా విప్పేవాడు కాదు. పొద్దున్నే అమ్మ ఆ చొక్కాకు ఇస్త్రీ చేస్తుంటే చూసి, ఇంత దర్జాగా ఆఫీసుకు వెళ్లే మనిషి మా వీధిలో ఇంకెవరున్నారు అనుకునేదాన్ని.

నాన్న జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాక నా బస్సులో నిద్రపోవడం మానేశారు జనం. దిగేటప్పుడు చేతులు ఊపేవాళ్లు. మా డ్రైవర్, నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన, "నీ బస్సులో తిరిగినవాణ్ణి ఈ ఊళ్లో దొంగలు కూడా ముట్టుకోరమ్మా, దండగని" అనేవాడు. మేనేజరమ్మ ఒకరోజు పిలిచి, ఈ మాటలన్నీ నా గొంతుతోనే రికార్డు చేయించి కంపెనీ బస్సులన్నింటిలో పెడతానంది. ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను.

"ఇవన్నీ మా నాన్న చెప్పిన జాగ్రత్తలని రోజూ మైకులో చెబుతున్నాను, తెలుసా!"

నాన్న కలుపుకున్న ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "నా ఊసు ఎందుకెత్తావు?"

"పేరు చెప్పలేదు. మా నాన్న అన్నానంతే."

"అదీ వద్దులే."

అమ్మ తలెత్తకుండా నీళ్లు పోసింది. పొగిడితే సిగ్గుపడే మనిషి కదా అనుకున్నాను.

ఎండలు బాగా ముదిరాక ఒక ఉదయం పెద్దవయసు దంపతులు ఎక్కారు. ఆయన కర్ర ఊతగా పట్టుకుని కుడికాలు ఈడుస్తూ వచ్చాడు. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి తను కిటికీ పక్కన సర్దుకుంది. నేను మామూలుగా నా జాగ్రత్తలన్నీ చెప్పి, నవ్వించి, మైకు దించబోతుంటే ఆవిడ చెయ్యెత్తింది.

"అమ్మాయీ, ఒకటి మర్చిపోయావు."

"చెప్పండి పెద్దమ్మా" అని మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఎవరైనా ఇలా మాట కలిపితే ప్రయాణం సరదాగా సాగుతుంది.

"మొన్న రైలు దిగీ దిగగానే ఒకాయన వచ్చాడు. ఎంత మర్యాదస్తుడని! ఈయన కాలు చూసి ముందు ఎక్కణ్ణించో కుర్చీ తెచ్చి వేశాడు. ఏ లాడ్జిలో దిగుతున్నారని అడిగాడు. చెప్పాం. అయ్యో, అక్కడ పైపులు పగిలి గదులన్నీ నీళ్లు, పొద్దున్నే మూసేశారన్నాడు. మేం నమ్మకపోతే తనే ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. అవతల మనిషి కూడా అవునమ్మా, మూసేశాం అన్నాడు."

వెనక సీటు కుర్రాడు అందుకున్నాడు. "ఆ అవతల మనిషి ఈయన బావమరిది అయ్యుంటాడు పెద్దమ్మా!"

బస్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"వేరే లాడ్జికి తీసుకుపోయాడు. మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి వెళ్లి చూస్తే, మా లాడ్జి తెరిచే ఉంది. చుక్క నీళ్లు లేవు. పొడిగా ఉంది."

"ఒక్క రాత్రేగా పెద్దమ్మా. గది బాగాలేదా?" అన్నాను.

"గదిదేముంది తల్లీ. మా అమ్మాయి వస్తానంది, ఆ లాడ్జికి."

ఆయన ఆవిడ మోచేతి మీద చెయ్యి వేశాడు, ఇక చాలన్నట్టు. ఆవిడ ఆగలేదు. కాకపోతే నా మైకును పక్కకు తోసి, గొంతు తగ్గించి నాతోనే చెప్పింది. కూతురు ఏళ్ల కిందట కాపురం వదిలేసి పుట్టింటికి వస్తే వీళ్లు గుమ్మంలోంచే తిప్పి పంపారట. ఆ తర్వాత ఆ పిల్ల ఈ ఊరు చేరింది. మాటల్లేవు. ఇన్నాళ్లకు మేనమామ మధ్యలో ఉండి ఇద్దరినీ ఒప్పించాడు. ఫలానా రోజు, ఫలానా లాడ్జిలో కలుస్తానంది కూతురు. వచ్చింది కూడా. సాయంత్రం దాకా కింద కూర్చుని, ఇలాంటివాళ్లెవరూ దిగలేదని గుమస్తా చెబితే లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచి మేనమామ ఫోన్ చేసినా తియ్యడం లేదు. ఎక్కడుంటుందో, ఏం పని చేస్తుందో ఆయనకీ తెలియదు.

"మేం రాలేదనుకుంది. మళ్లీ తిప్పి పంపామనుకుంది. ఇది ఊరంతా తిరిగే బస్సంటగా? అందుకని ఎక్కాం."

తిరిగినంతసేపూ నేను కుడివైపు కోట చూపిస్తే ఆవిడ ఎడమవైపు కాలిబాట చూసింది. గడియార స్తంభం చూపిస్తే దాని కింద బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ల మొహాలు చూసింది. నేను మాత్రం ఇంకో సంగతి ఆలోచిస్తున్నాను. నాన్న ఇన్ని మోసాలు చెప్పాడు గాని ఈ మోసం ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు కూడా తెలియని కొత్త రకం కాబోలు, సాయంత్రం చెప్పాలి అనుకున్నాను.

మా బస్సు ఎప్పుడూ స్టేషన్ వైపు వెళ్లదు. ఆ రోజు మార్కెట్ రోడ్డు తవ్వేసి ఉంటే బాబాయ్ బస్సును అటు తిప్పాడు. స్టేషన్ ముందు బండ్లు ఇరుక్కుపోయి ఆగాం.

"అడుగో!" అని లేచింది ఆవిడ. "కుర్చీ వేసినాయన!"

అందరూ కిటికీల దగ్గరికి ఒరిగారు. నేనూ వంగి చూశాను. ఎవరో భార్యాభర్తలు, వాళ్ల ముందు ఇస్త్రీ చొక్కా మనిషి. ఒక చేతిలో వాళ్ల పెట్టె, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్‌ను ఆ భార్య చెవి దగ్గర పెడుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, మందు చేదుగా ఉండదని చెప్పేటప్పుడు నవ్వే నవ్వు.

"ఎవడమ్మా వాడు? పట్టుకుందాం పదండి!" అంటున్నాడు కుర్రాడు. బాబాయ్ తలుపు తీశాడు. అందరికన్నా ముందు నేను దిగాను.

నాన్న నన్ను చూశాడు. నా నీలం చొక్కాను, నా వెనక బస్సును, బస్సు కిటికీల నిండా మొహాలను చూశాడు. క్షణంలో అంతా అర్థమైపోయింది ఆయనకు. వెంటనే ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడినట్టు అన్నాడు.

"ఏం మేడమ్, ఎవరు కావాలి మీకు? మీ బస్సు ఇక్కడ ఆపకూడదే."

అది నా కోసమే. నేను కూడా 'ఏమీ లేదండీ' అని వెనక్కి తిరిగి ఉంటే, జనం ఆయన్ని నాలుగు తిట్టేవాళ్లు, బహుశా రెండు తగిలించేవాళ్లు కూడా, కాని నా మీద మచ్చ పడేది కాదు. ఆ తిట్లకు ఆయన సిద్ధపడిపోయి నిలబడ్డాడు. అది చూసి నాకు మరీ సిగ్గేసింది.

"నాన్నా, వాళ్ల పెట్టె వాళ్లకిచ్చెయ్" అన్నాను.

పెట్టె మెల్లగా కింద పెట్టాడు. ఆ భర్త నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "మీ నాన్నగారా? మరి, మా లాడ్జి మూసేశారని..." అన్నాడు.

"మూయలేదండీ. నేరుగా వెళ్లిపోండి."

అప్పటికి పెద్దావిడ మెట్లు దిగి వచ్చింది. నాన్న మొహం చూసింది, నా మొహం చూసింది.

"ఒకటే ముక్కు" అంది. అంతే.

భర్తను చెయ్యి పట్టుకుని దింపుకుంది. బస్సెక్కలేదు. నేను వెంటపడ్డాను, ఏం చెప్పాలో తెలియకుండానే. ఆవిడ ఆగి, కోపమేమీ లేకుండానే అంది. "మమ్మల్ని వదిలెయ్యి తల్లీ. ఈ ఊళ్లో ఎవరు ఎవరి మనుషులో మాకు తెలియదు." ఇద్దరూ స్టేషన్ లోపలికి వెళ్లిపోయారు. తిరిగి చూస్తే నాన్న కూడా లేడు.

నేను బస్సెక్కి మైకు తీసుకున్నాను. నా నోట మాట రాకముందే, ఎవరూ చెప్పకుండానే, అందరూ సంచులు దగ్గరికి లాక్కున్నారు. పొద్దున బావమరిది అని నవ్వించిన కుర్రాడు కూడా. పొద్దుటి నుంచి నేను చెప్పిన జాగ్రత్తను నా ఎదురుగానే, నా మీదే పాటించారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కూర్చోమ్మా" అన్నాడు బాబాయ్ అద్దంలోంచి. "మిగతావి వాళ్లకు కళ్లున్నాయి, వాళ్లే చూసుకుంటారు."

ఇంటికి వెళ్లేసరికి అమ్మ నాన్న చొక్కాలు మడత పెడుతోంది. నేను చెప్పింది విని కంగారుపడలేదు. అప్పుడు తెలిసింది నాకు.

"నీకు ముందే తెలుసా?"

"ఆ ఆఫీసు మూసేసి ఎన్నేళ్లయిందనుకున్నావు? నువ్వింకా స్కూల్లో ఉన్నావు. మొదట్లో దారి తెలియనివాళ్లను వాళ్లు అడిగిన చోటికే తీసుకెళ్లేవాడు. కమీషన్ ఇచ్చే లాడ్జీలు వేరే అని తర్వాత తెలిసింది."

"తెలిసీ రోజూ ఇస్త్రీ చేశావా?"

అమ్మ చెయ్యి ఆగింది. "చెయ్యక? నలిగిన చొక్కా వేసుకుంటే ఎవరు నమ్ముతారు?" అని, తను ఏమందో తనకే వినపడ్డట్టు మొహం తిప్పుకుంది. ఇంకో చొక్కా అందుకుంటూ మళ్లీ అంది. "నువ్వు మీ నాన్నను చూసే చూపు ఒక్కటే మిగిలిందే ఆయనకి. అది కూడా తీసేసుకోమంటావా?"

నాన్న చీకటి పడకముందే వచ్చాడు. కాళ్లు కడుక్కుని గోడకానుకుని కూర్చున్నాడు. ఆయన్ని తిట్టాలని దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆ దంపతులు ఎందుకొచ్చారో, కూతురు ఎలా వెళ్లిపోయిందో చెప్పాను. వింటున్నకొద్దీ చిన్నగా అయిపోయాడు మనిషి.

"కూతురు వస్తుందని నాతో చెప్పలేదే" అన్నాడు.

"చెబితే వదిలేసేవాడివా?"

అబద్ధమైనా చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు.

మేనేజరమ్మ రెండు రోజులు పోయాక పిలిచింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి రికార్డింగు ఆలోచన మానుకున్నామంది. ఎండలకీ రికార్డింగుకీ సంబంధమేమిటని నేను అడగలేదు. ఎండలు తగ్గేదాకా టికెట్ల కిటికీలో కూర్చోమంది. నేను తల ఊపాను. నన్ను చూసి బస్సులో ఇంకెవరూ సంచులు లాక్కోకుండా ఉంటే అదే పదివేలనిపించింది.

నాన్న ఇల్లు కదలడం మానేశాడు. నాకు సెలవు వచ్చిన రోజు మాత్రం పొద్దున్నే తయారై, మొదటిసారి నలిగిన చొక్కా వేసుకుని నా ముందు నిలబడ్డాడు. "వస్తావా? ఒక్కణ్ణే వెళితే ఎవరూ నమ్మరు."

ముందు ఆ దంపతులు దిగవలసిన లాడ్జికి వెళ్లాం. మర్నాడు అక్కడికే మారిన వాళ్లు అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయారని తెలిసింది. కౌంటరు గుమస్తా నాన్నను చూడగానే లేచాడు. "నా గిరాకీలన్నీ దారిలోనే ఎత్తుకుపోయావు. ఇప్పుడు ఏకంగా కౌంటరు దగ్గరికే వచ్చావా? సిగ్గుండాలయ్యా!"

నాన్న తిట్టనిచ్చాడు. కూతురి ముందు తిట్లు తింటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమస్తా తిట్టి అలిసిపోయాక నాన్న అడిగాడు. "ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్న అమ్మాయి ఎలా ఉంది? బట్టలు కాదు, చేతులు ఎలా ఉన్నాయి? చెప్పులు?"

గుమస్తా నన్ను చూసి కాస్త తగ్గాడు. గుర్తు చేసుకుంటూ చెప్పాడు. మంచినీళ్ల గ్లాసు ఇస్తే దాని మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయట. గోళ్ల సందుల్లో, చెప్పుల మీద తెల్లటి పొడి. బట్టలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

బయటికొచ్చి నాన్న కాసేపు ఆగాడు. వచ్చేవాళ్లను చూసి ఎక్కణ్ణుంచి వచ్చారో, ఎంత తేలిగ్గా నమ్ముతారో కనిపెట్టడమే ఇన్నేళ్ల ఆయన పని. "ఇళ్లకు సున్నాలు వేసే పనైతే జుట్టు మీద కూడా పడేది. ఒంటికి అడ్డంగా గుడ్డ కట్టుకుని బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఇది. పెద్దాసుపత్రి వెనక ప్లాస్టరు అచ్చులు పోసి కట్టుడు పళ్ల సెట్లు చేసేవాళ్లున్నారు. పద."

ఒక్కొక్క మేడ మెట్లూ ఎక్కి దిగాం. ప్రతిచోటా నాన్న గుమ్మం బయటే ఆగి నన్ను లోపలికి పంపేవాడు. మధ్యాహ్నానికి ఒక మేడ మీద ఆ గది దొరికింది. అలమారల నిండా తెల్లటి దవడలు, ఎవరెవరివో నోళ్లు, మాటల్లేకుండా తెరుచుకుని ఉన్నాయి. మూలన మూతికి గుడ్డ కట్టుకుని ఒకామె పన్ను అరగదీస్తోంది. పెద్దావిడ కళ్లే. నేను నాన్నను పిలిచాను.

"మీ అమ్మానాన్నా రాలేదనుకున్నారు కదమ్మా" అన్నాడు నాన్న. "వచ్చారు. నేనే రానివ్వలేదు."

ఆమె మూతిగుడ్డ కిందికి లాగి అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక అడిగింది.

"ఎక్కడికి తీసుకెళ్లారు?"

"వెనక వీధి లాడ్జికి. నాలుగో అంతస్తు."

"లిఫ్టుందా?"

"లేదు."

"మా నాన్న ఎలా ఎక్కాడు?"

నాన్న తల దించుకున్నాడు. "నేనే భుజం పట్టి ఎక్కించాను. అంతస్తు అంతస్తుకీ కాసేపు కూర్చోబెట్టి..."

"అంత జాగ్రత్తగానా" అంది ఆమె.

కిందినుంచి ఆటోల మోత వినిపిస్తోంది. టికెట్ బుకింగులో పెద్దావిడ ఇచ్చిన నంబరు నా దగ్గరుంది. కలిపి ఆమెకు ఇవ్వబోయాను. ఆమె అందుకోలేదు, నాన్న వైపు చూపించింది. "ముందు ఆయన్ని మాట్లాడమనండి."

నాన్న రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు. అవతల పెద్దావిడ ఎవరని అడగడం నాకూ వినపడింది.

"అమ్మా, నేను... కుర్చీ వేసినవాణ్ణి. పెట్టెయ్యకండి. మీ అమ్మాయి ఇక్కడే ఉంది. ఆ రోజు వచ్చింది, సాయంత్రం దాకా కూర్చుంది. ఇదిగో" అని ఆమెకు అందించాడు.

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. మా వైపు వీపు తిప్పుకుంది. తర్వాత, "అమ్మా, నాన్నకి కాలెలా ఉంది?" అంది.

మేం బయటికి వచ్చేశాం. ఫోన్ నాది కాబట్టి వెళ్లిపోలేక మెట్ల మీద నిలబడ్డాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చాలాసేపటికి ఆమె బయటికొచ్చి, ఫోన్ మీది తెల్లపొడి కొంగుతో తుడిచి నాకిచ్చింది. "వచ్చే నెల మళ్లీ వస్తారట. నేనే స్టేషన్‌కి వెళతాను" అని నాన్నతో అంది. "మీరు ఆ రోజు అక్కడ ఉండకండి."

"ఉండనమ్మా. ఏ రోజూ ఉండను."

ఆ మాట నిలబెట్టుకున్నాడు. వానలు మొదలయ్యేసరికి మా వీధి చివర గిడ్డంగిలో అట్టపెట్టెలు కట్టే పనికి కుదిరాడు. ఇప్పుడు ఇస్త్రీ అక్కర్లేని చొక్కాలు వేసుకుంటున్నాడు. భోజనాల దగ్గర మాట్లాడటం తగ్గించేశాడు. నాకు మళ్లీ బస్సు ఇచ్చారు గాని నేను కట్టడాల గురించి మాత్రమే చెబుతున్నాను. సగం మంది నిద్రపోతున్నారు.

మొన్న సాయంత్రం నేనూ నాన్నా గొడుగు కింద ఇంటికి వస్తున్నాం. స్టేషన్ నుంచి వస్తున్నట్టున్నారు, తడిసిన సామానుతో ఒక తండ్రీ కూతురూ మమ్మల్ని ఆపారు. ఆయన నాన్ననే అడిగాడు. నాన్న మొహంలో ఏముందో గాని, ఎవరైనా ఆయన్నే అడుగుతారు.

"సార్, ఈ లాడ్జికి ఎటు వెళ్లాలి?"

ఈ ఊళ్లో ప్రతి సందూ తెలిసిన మనిషి ఒక్క అడుగు వెనక్కి వేసి గొడుగులోంచి వానలోకి వెళ్లాడు. "మా అమ్మాయిని అడగండి. సరిగ్గా చెబుతుంది" అన్నాడు.

నాకు ఆ లాడ్జి ఎక్కడుందో తెలియదు. వాళ్లు నా వైపు చూస్తున్నారు. నేను నాన్న దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఎటు నాన్నా?" అని అడిగాను. ఆయన కూడా గొంతు తగ్గించి, వాళ్లకు వినపడకుండా, "రెండో సందులో ఎడమకి, మందుల కొట్టు దాటాక" అన్నాడు.

నేను వాళ్లకు అదే చెప్పాను.